పల్నాటి ఎండలో సైబీరియా కుక్క

ప్రశ్న: మేము నరసరావుపేటలో ఉంటాము. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు సైబీరియన్ హస్కీ జాతి కుక్కపిల్లను కొని పెంచుకున్నాడు. కిందటి డిసెంబరులో అమెరికా వెళుతూ దానిని మా దగ్గర వదిలి వెళ్లాడు. వాడు పెట్టిన పేరు స్నోయీ. మా నోళ్లలో అది సీను అయింది. వయసు నాలుగేళ్లు, మగది. చలికాలంలో హుషారుగానే ఉండేది. మార్చి వచ్చినప్పటి నుంచి పగలంతా వరండాలో నాలుక వేలాడేసి రొప్పుతోంది. పెరట్లో మామిడిచెట్టు కింద గుంటలు తవ్వి అందులో పడుకుంటోంది, మేము వాటిని పూడ్చేశాము. పెరుగన్నం పెడితే సగం వదిలేస్తోంది. రాత్రుళ్లు ఊళ వేస్తుంటే పక్కింటివారు అపశకునమని గొడవ చేస్తున్నారు. గుండు కొట్టిస్తే చల్లగా ఉంటుందని కొందరు, రోజూ స్నానం చేయించమని కొందరు చెబుతున్నారు. విశాఖలో ఉన్న మా ఆడపడుచు కొడుకు, అక్కడ సముద్రం గాలి ఉంటుంది కాబట్టి తనకు ఇచ్చేయమంటున్నాడు. వాళ్లు ఉండేది ఫ్లాటులో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. మావారు రిటైరైన టీచరు. ఇద్దరికీ అరవై దాటాయి. ఈ కుక్క మా ఊరికి పనికిరాదు. దీన్ని ఇలా ఉంచుకుని మేము పాపం చేస్తున్నామా?
— ఒక తల్లి, నరసరావుపేట

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు, "మా ఊరికి పనికిరాదు" అన్న మాట గురించి కొంచెం చెప్పాలి. మన బర్రెనే తీసుకోండి. నల్లటి తోలు, పలచటి వెంట్రుకలు, ఆవుతో పోలిస్తే చర్మంలో చెమట గ్రంథులు బాగా తక్కువ. లెక్క ప్రకారం పల్నాటి ఎండకు అంతకన్నా తగని జంతువు ఉండకూడదు. అయినా బర్రె మన ఊరికి పనికిరాదని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం పూట దానికి చెరువు కావాలని మన పెద్దలకు తెలుసు కనుక, మేతకు తోలుకెళ్లే దారిలోనే చెరువు ఉండేటట్టు చూసుకున్నారు. అదే బర్రెను రేకుల షెడ్డులో కట్టేసిన చోట మే నెలలో పాలు తగ్గిపోతాయి, ఎద లక్షణాలు పైకి కనిపించవు, పశువుల ఆసుపత్రి చుట్టూ తిరగడం మొదలవుతుంది. కాబట్టి సీనుకు చెరువులాంటిది ఏమిటి, అరవై దాటిన మీరిద్దరూ దానిని ఏడాదికి నాలుగైదు నెలల పాటు సమకూర్చగలరా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. సమకూర్చగలిగితే పాపమేమీ లేదు. సమకూర్చలేకపోతే ఆ మాట మీ అబ్బాయికి నిర్మొహమాటంగా చెప్పడంలోనూ పాపం లేదు.

సైబీరియా ఈశాన్యపు అంచున చుక్చీ తెగవారు మంచుబండ్లు లాగించడానికి తరతరాలుగా పెంచుకున్న కుక్కల వంశం ఇది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో కంఠసర్పి (డిఫ్తీరియా) వ్యాధి ప్రబలినప్పుడు, ఓడలూ విమానాలూ పనికిరాని చలిలో దాదాపు 1,085 కిలోమీటర్ల దూరం మందును చేరవేసినవి ఇలాంటి మంచుబండి కుక్కలే. ఇరవై మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు వంతులవారీగా పరుగెత్తి అయిదున్నర రోజుల్లో ఆ పని ముగించారు. అంతసేపు పరుగెత్తే ఒంట్లో వేడి విపరీతంగా పుడుతుంది, ఆ వేడిని బయటకు పోనివ్వకపోవడమే అక్కడ ప్రాణాధారం. అందుకే దీనికి రెండు పొరల బొచ్చు ఉంటుంది: లోపల దూదిలాంటి మెత్తటి పొర, పైన పొడవైన గరుకు వెంట్రుకల పొర. అక్కడ వరమైన ఆ అమరికే మీ వరండాలో భారమైంది.

అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పే మాట ఒకటి మీ అబ్బాయి కూడా వినే ఉంటాడు: "ఇది ఇక్కడే పుట్టిందండీ, మన వాతావరణానికి అలవాటు పడింది." 2016లో కేంద్ర ప్రభుత్వం వ్యాపార సంతానోత్పత్తి కోసం విదేశాల నుంచి కుక్కలను దిగుమతి చేసుకోవడాన్ని ఆపివేసింది కాబట్టి, మన దగ్గర అమ్ముడయ్యే హస్కీలలో చాలావాటికి తల్లిదండ్రులు కూడా ఇక్కడివే. అంతమాత్రాన బొచ్చు మారదు. వేడి క్రమంగా పెరిగితే కుక్క ఒళ్లు కొన్ని వారాల్లో కొంతవరకు సర్దుకుంటుంది, లోపలి పొర కాస్త పలచబడుతుంది, అంతే. పైగా మీ సీను నాలుగేళ్లూ బెంగళూరులో గడిపి, తొలిసారిగా మీ ఊరి ఎండ చూస్తోంది. ఆ ఊళ్లో ఏప్రిల్ నెల మీ ఊళ్లో ఫిబ్రవరి లాంటిది. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తలకెక్కే జిల్లాకు దానిని తెచ్చిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక మీ ఇంట్లో జరుగుతున్నదేమిటో చూద్దాం. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆరుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. ఫ్యాను కింద మనకు హాయిగా ఉండేది అందుకే. కుక్కకు చెమట గ్రంథులు పాదాల అడుగున మాత్రమే ఉన్నాయి, అవి ఒంటిని చల్లబరచడానికి ఏ మూలకూ చాలవు. దానికున్న సాధనం నాలుక. రొప్పినప్పుడు నాలుక మీద, నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరై వేడి తగ్గుతుంది. కాబట్టి ఒళ్లు పొడిగా ఉన్న కుక్కకు ఫ్యాను పెట్టి "గాలి ఆడుతోంది కదా" అనుకోవడంలో పెద్ద ప్రయోజనం లేదు. బయట 44 డిగ్రీలున్న రోజున ఆ ఫ్యాను దాని మీదకు వడగాలినే తోలుతుంది. పొట్ట, గజ్జలు, పాదాలు నీళ్లతో తడిపి అప్పుడు ఫ్యాను వేయండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంటి కూలర్ చేసే పనీ ఈ నాలుక చేసే పనీ ఒక్కటే. రెండూ నీటిని ఆవిరి చేసి చల్లదనం పుట్టిస్తాయి, రెంటికీ పొడిగాలి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో పల్నాడు గాలి పొడిగా ఉంటుంది గనుక కిటికీకి బిగించిన మంచి కూలర్, దాని వెనుక వట్టివేళ్ల తడికె, ఒక గదిని ముప్పై ముప్పైరెండు డిగ్రీల దగ్గరకు తేగలవు. నీడలో తగినన్ని నీళ్లు తాగుతూ విశ్రాంతిగా పడుకున్న హస్కీ దానితో నెట్టుకురాగలదు. అయితే మన ఇళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: ఏసీ వేసినట్టు తలుపులు, కిటికీలు అన్నీ మూసి కూలర్ వేస్తారు. గంటలో గది గాలి తేమతో నిండిపోతుంది, కూలర్ చల్లబరచడం మానేస్తుంది, దానితోపాటే కుక్క నాలుక కూడా. ఎదురు కిటికీ ఒకటి తెరిచి ఉంచండి.

విశాఖ మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. అక్కడ మీ ఊరికంటే ఏడెనిమిది డిగ్రీలు తక్కువ ఉన్నమాట నిజమే. కానీ సముద్రపు తేమతో ఉక్క పోసే రోజున కుక్క ఎంత రొప్పినా నాలుక మీది తడి ఆరదు. అదీగాక మీ మేనల్లుడు ఉండేది ఫ్లాటు, దంపతులిద్దరూ ఉద్యోగస్థులు అని మీరే రాశారు. పగలంతా మూసిన ఫ్లాటులో ఒంటరిగా ఉండే హస్కీ సోఫాను ఏం చేస్తుందో నేను చెప్పడం కన్నా వారు చూడటమే మేలు. అబ్బాయి మంచివాడే కావచ్చు, ఆ చోటు మాత్రం మీ పెరటికన్నా మెరుగైనది కాదు.

తేమ గురించి ఇంకొక హెచ్చరిక. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు అన్నారు, మృగశిర రాగానే ఊపిరి పీల్చుకున్నారు. మీరు మాత్రం అప్పుడు ఏమరకండి. జూన్‌లో రెండు వానలు పడి, ఎండ 37, 38 డిగ్రీలకు దిగి, గాలి చిత్తడిగా ఉన్న రోజులు ఈ జాతికి ఎండిన మే నెలకు ఏమాత్రం తీసిపోవు. కూలర్ చేతులెత్తేసేదీ అప్పుడే. ఆ రోజుల్లో ఏసీ ఒక్కటే మార్గం. పద్దెనిమిది డిగ్రీలు పెట్టాల్సిన పనిలేదు, ఇరవై అయిదు, ఇరవై ఆరు చాలు. రాత్రి మీకోసం వేసుకునే ఏసీని మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగున్నర దాకా సీనుకోసం వేయాలి, అంతేగాని రోజంతా కాదు. కరెంటు ఖర్చు మీ అబ్బాయి పంపాలి. ఇందులో మీరు మొహమాటపడవలసిందేమీ లేదు.

గుండు కొట్టించవద్దు. తాటాకు పాక కప్పు పలచబరిస్తే లోపల చల్లగా ఉంటుందని ఎవరైనా అంటే మీరు నవ్వుతారు కదా, ఇదీ అటువంటిదే. పై పొర వెంట్రుకలు ఎండను చర్మం దాకా రానివ్వవు. వాటిని తీసేస్తే లేత చర్మం మాడుతుంది. మళ్లీ మొలిచేటప్పుడు లోపలి మెత్తటి పొర ముందుగా దట్టంగా వచ్చి, పై పొర అక్కడక్కడ రాకుండానే ఉండిపోయిన కుక్కలను నేను చాలా చూశాను. అయితే "బొచ్చు దానికి ఏసీలాంటిది, ముట్టుకోకండి" అని కొందరు చెప్పేది కూడా అతిశయోక్తే. బొచ్చు ఎండను ఆపుతుంది, నిజమే, కానీ నీడలో ఉన్నప్పుడు ఒంటిలోని వేడిని కూడా అది ఆపుతుంది. అందుకే చేయవలసింది కత్తిరించడం కాదు, దువ్వడం. పళ్లు దూరంగా ఉండే ఇనుప దువ్వెనతో రోజూ పావుగంట, వెంట్రుకలు పెరిగిన దిక్కుగా, తొడల వెనుక, మెడ చుట్టూ ఓపికగా దువ్వండి. వేసవి మొదట్లో ఈ జాతి లోపలి పొరను కుప్పలుగా రాలుస్తుంది. మొదటి వారం మీకు ఒక చిన్న దిండుకు సరిపడా దూది వస్తుంది. ఊడి లోపలే ఇరుక్కున్న ఆ దూదే ఇప్పుడు సీనును ఎక్కువగా ఉడికిస్తోంది. పొట్ట కింద వెంట్రుకలను మాత్రం డాక్టరు చేత కొద్దిగా కత్తిరింపించవచ్చు, అది నేలకు ఆనించి చల్లబరచుకునే భాగం.

రోజూ స్నానం కూడా మంచిది కాదు. పై పొర ఆరినట్టు కనిపించినా లోపలి పొర గంటల తరబడి తడిగా ఉంటుంది, ఆ తడిలో చర్మం చిట్లి పుండ్లు పడతాయి. నెలకొక స్నానం చాలు, చేయించిన రోజున వేళ్లు లోపలికి పోనిచ్చి ఆరిందో లేదో చూడండి. ఆ దువ్వే పావుగంటలోనే చెవుల వెనుక, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో గోమార్ల కోసం వెతకండి. మీ ప్రాంతంలో ఎండదెబ్బ తర్వాత నాకు ఎక్కువ భయం గోమారి జ్వరాలంటేనే. ఇంత బొచ్చులో అవి ఒంటినిండా ఉన్నా పైకి ఒక్కటీ కనబడదు. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే అది ఎండ వల్లనే అనుకుని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించండి.

తిండి సంగతి. వేసవిలో సగం తినడం జబ్బు కాదు. ఈ జాతి మామూలుగానే తన బరువుకు మనం అనుకునేదానికన్నా తక్కువ తింటుంది. బరువు తగ్గకుండా ఉంటే చింతించకండి. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి పెట్టండి, మధ్యాహ్నం పెట్టవద్దు. కానీ పెరుగన్నం ఒక్కటే ఆహారం కాకూడదు. హస్కీలలో కొన్నిటి పేగులు జింకును సరిగా పీల్చుకోలేవు, కేవలం ధాన్యం మీద బతికే కుక్కకు ఆ లోపం ఇంకా ముదురుతుంది, కళ్ల చుట్టూ, మూతి చుట్టూ పొట్టు లేచి చెక్కు కడుతుంది. సీను మూతి ఒకసారి వెలుతురులో చూడండి. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు చేర్చండి. మీ ఇంట్లో మాంసం వండకపోతే గుడ్డు, మంచి కుక్క ఆహారం పొట్లం సరిపోతాయి. మిగిలిన పులుసు, సాంబారు కలిపిన అన్నం మాత్రం పెట్టకండి, అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. మామిడిచెట్టు ఉందన్నారు కాబట్టి ఇంకొక మాట: రాలిన పండు తింటే తిననీయండి, టెంక మాత్రం దాని నోటి నుంచి లాక్కోండి. టెంక పేగుకు అడ్డుపడి ఆపరేషన్ దాకా వచ్చిన కుక్కలు ప్రతి జూన్‌లోనూ మాకు తగులుతాయి.

నడక తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు గంటలకు. రోజులో అన్నిటికన్నా చల్లని వేళ సూర్యోదయం దగ్గర్లోనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఎండ పోయిందనిపించినా సిమెంటు రోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే కుక్కను దించవద్దు. మాస్టారుగారికి తెల్లవారి నడక అలవాటు ఉంటే ఇద్దరికీ కలిసివస్తుంది, కానీ గొలుసు బలంగా ఉండాలి, చేతికి చుట్టుకోకూడదు. బండి లాగే వంశం, కోడి కనబడితే ఆగదు. పక్కింటివారితో ఇప్పటికే ఉన్న గొడవకు వాళ్ల కోడిపుంజును కూడా చేర్చుకోకండి.

ఊళ విషయంలో పక్కింటివారికి ఒక మాట చెప్పి చూడండి. ఈ జాతి మొరగడం తక్కువ, గుంపుగా బతికి, దూరాన ఉన్న జతగాళ్లను పిలవడానికి గొంతెత్తుతుంది. నాలుగేళ్లుగా తనతో ఒకే గదిలో పడుకున్న మనిషి డిసెంబరులో పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. అపశకునమైతే అది మీ పక్కింటికి రావలసినది కాదు. రాత్రి దానిని వరండాలో కాక మీరు పడుకునే గదిలోనే ఒక మూల పడుకోనివ్వండి. చల్లదనమూ తోడూ రెండూ దొరుకుతాయి, రెండు వారాల్లో ఊళ చాలావరకు తగ్గాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను, మాస్టారుగారికి కూడా చదివి వినిపించండి. ఒకసారి మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు, ఇలాంటిదే ఒక కుక్కను తడి తువ్వాలులో గట్టిగా చుట్టి నలభై కిలోమీటర్లు కారులో నా దగ్గరకు తెచ్చారు. తెచ్చినవాళ్ల ప్రేమలో లోపమేమీ లేదు. కానీ ఒంటికి చుట్టిన తువ్వాలు కాసేపటికే వేడెక్కి దుప్పటిలా పనిచేసింది, ఆ నలభై కిలోమీటర్లలోనే కుక్క పోయింది. ముందు చల్లబరచాలి, తర్వాతే బయలుదేరాలి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది, 105 దాటితే ప్రాణాపాయం. నాలుక ముదురు ఎరుపుకు తిరగడం, చొంగ జిగటగా సాగడం, నడక తూలడం, వాంతి, పిలిస్తే పలకకపోవడం కనిపించిన క్షణమే నీడకు చేర్చి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్టా తొడలూ, నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టండి. స్పృహ ఉంటే కొద్దికొద్దిగా తాగనివ్వండి, నోట్లో పోయకండి. ఆసనంలో థర్మామీటరు పెట్టి చూస్తూ 103.5కు దిగగానే నీళ్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తేరుకున్నట్టు కనిపించినా తీసుకెళ్లాలి, కిడ్నీలూ పేగులూ దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత గాని బయటపడదు.

ఆ నీళ్లు ఎక్కడివి అన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి డాబా మీది ట్యాంకు కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు చేయి కాలుస్తాయని మీకు తెలియనిది కాదు, కంగారులో మాత్రం అందరం ఆ కుళాయే తిప్పుతాం. కాబట్టి మూడు బకెట్లు, ఒక పాత గంగాళం రాత్రే నింపి స్నానాలగదిలో నీడన పెట్టుకోండి. వాడకపోతే మర్నాడు మొక్కలకు పోయండి.

ఇక ఇచ్చేయడం గురించి. పైన చెప్పినవన్నీ మీరిద్దరూ చేయలేమనుకుంటే, బెంగళూరులో దానికి ముందునుంచీ తెలిసిన మీ అబ్బాయి స్నేహితులు ఎవరైనా ఉంటే వారికి ఇవ్వడం అన్నిటికన్నా మేలు. ఎవరికిచ్చినా ముందు సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించి ఇవ్వండి. లేకపోతే పెంపకం పేరుతో తీసుకుని పిల్లల వ్యాపారానికి వాడుకునేవారి చేతిలో పడుతుంది. అమెరికాకు పంపడం కూడా అసాధ్యం కాదు. 2024 ఆగస్టు 1 నుంచి ఆ దేశపు నిబంధనలు మారాయి. రేబిస్ ప్రమాదం ఎక్కువున్న దేశాల జాబితాలో మనమూ ఉన్నాం కనుక, ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కకు మైక్రోచిప్పు, ప్రభుత్వ పశువైద్యుని ధ్రువీకరణ, అక్కడ నిర్దేశించిన కొన్ని విమానాశ్రయాల్లో ముందుగా చేసుకున్న ఏర్పాటు ఉండాలి, రక్తంలో రేబిస్ నిరోధకాల పరీక్ష చేయించకపోతే అక్కడ 28 రోజులు విడిగా ఉంచుతారు. మండు వేసవిలో చాలా విమాన సంస్థలు ఇలాంటి కుక్కలను ఎక్కించుకోవు గనుక ప్రయాణం నవంబరు తర్వాతే. ఈ పని మీ అబ్బాయి ఇప్పుడే మొదలుపెట్టాలి, వాడికి ఈ పేజీ ఫొటో తీసి పంపండి. కొన్న రోజున నీలికళ్లు చూశాడు, బొచ్చు చూశాడు, పన్నెండు పద్నాలుగేళ్లు బతికే ప్రాణి అన్నది లెక్కవేయలేదు. ఆ లెక్క మీ నెత్తిన వేసి వెళ్లడం వాడికి తగదు, మీరు అడగకపోతే అది వాడికి తట్టదు కూడా.

మామిడిచెట్టు కింద గుంటల మాట చివరికి ఉంచాను. మన కోస్తా ప్రాంతపు జోనంగి కుక్కను ఎప్పుడైనా చూశారా? ఒంటికి అంటుకున్నంత పొట్టి వెంట్రుకలు, కొల్లేరు పక్కన బాతుల మందలను తోలిన జాతి, ఈ నేలకు దానికన్నా తగిన కుక్క లేదు. అది కూడా నేలలో గుంట తీసుకునే పడుకుంటుంది. సీనుకు ఆ విద్య ఎవరూ నేర్పలేదు, జానెడు లోతున మట్టి చల్లగా ఉంటుందని దానంతటదే కనిపెట్టింది. చెట్టు వేళ్లు తెగకుండా, మొదలుకు నాలుగడుగుల దూరంలో ఒక గుంట మీరే తవ్వించి, రెండు తట్టల ఏటి ఇసుక పోయించి, పొద్దున పదింటికి ఒక చెంబెడు నీళ్లు చల్లండి. ఇప్పుడున్న గుంటలను పూడ్చారని రాశారు. కొత్తది తయారయ్యేదాకా వాటిలో ఒకటి తిరిగి తవ్వించండి.